తప్పు మోషేది కాదు

రేపల్లె మోషే మా వీధికి పదకొండేళ్ళు వచ్చాడు. ఏటా జనవరిలో తెనాలి స్టేషన్లో పొద్దుటి పాసింజరు దిగి, భుజాన గోనెసంచీతో వచ్చి, ఆరిళ్ళలో మల్లెపొదలు కత్తిరించి వెళ్ళేవాడు. బాపట్లలో ఒక నర్సరీలో కూలికి చేరి నేర్చుకున్న విద్య. నెల ముందే ఫోన్ చేసి పొదలకి నీళ్ళు ఆపమనేవాడు. జాలిపడి చెంబెడు పోశామా, మట్టి ముట్టుకుని కనిపెట్టేసి చీవాట్లు పెట్టేవాడు. ఆకు దూసి, ఎండుకొమ్మలు తీసి, పొద మధ్యకి వెలుగు పడేలా విప్పేవాడు. చివరికి నాలుగు పుల్లలు మిగిలేవి. నాకు ఒళ్ళు మండేది. మార్చికల్లా ఆ పుల్లల నిండా మొగ్గలే. అందంగా గుండ్రంగా కత్తిరించవయ్యా అంటే మాత్రం వినడు.

"పువ్వు కావాలాండి, బంతి కావాలాండి?" అనేవాడు.

నేను రైల్వేలో గుమాస్తాగా రిటైరయ్యాను. ఊరికే కూర్చుంటే తోచదు. పైగా నాకు తెలియనిది లేదనే జబ్బొకటి. రెండేళ్ళ కిందట ఫిబ్రవరి చివర్లో మా ఆవిడ సరోజ బాపట్లలో చెల్లెలి ఇంటికి వెళ్ళింది. ఆ పొదంటే ఆవిడకి ప్రాణం, వాళ్ళమ్మ ఇచ్చిన కొమ్మ నాటి పెంచుకుంది. నేను ఫోన్లో ఎవడో పొదలు గుండ్రంగా చెక్కుతుంటే చూసి, కొత్త కత్తెర కొనుక్కొచ్చి, గంటలో మా పొదని బంతిని చేసేశాను. ఎంత మురిసిపోయానో! రాలిన చివుళ్ళలో గింజలంతేసి మొగ్గలున్నాయని ఊడుస్తుంటే గానీ కనపడలేదు.

"ఇదెవరు చేశారు?" అంది సరోజ, చేతిలో సంచీ కూడా దించకుండా.

"ఇంకెవరు, మోషే. సరిచేస్తానని వచ్చి చేసిపోయాడు" అన్నాను.

ఫోన్ చేసి కడిగేస్తానంది. పోనీలే పాపం అని పెద్దమనిషిలా నేనే ఆపాను. ఛీ, తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం. ఆ వేసవి మా పొదకి గుప్పెడు పూలు రాలేదు. మోషే మొగ్గల మీద కోశాడని సరోజ మిగతా ఇళ్ళన్నిటికీ చెప్పింది. మరుసటి జనవరిలో ఎవరూ అతన్ని పిలవలేదు. అతను నాకు ఫోన్ చేస్తే నేను ఎత్తలేదు.

మొన్న డిసెంబరులో రేపల్లె మనిషొకడు చెప్పాడు, తెనాలి పనులు పోయి మోషే నిజాంపట్నంలో చేపలు ఆరబెట్టే కూలికి వెళ్తున్నాడని. మర్నాడే రేపల్లె వెళ్ళాను.

మోషే కుర్చీ వేశాడు. అంతా చెప్పాను. తనకి అప్పుడే తెలుసన్నాడు. మాట చెవిన పడగానే వచ్చి వీధిలోంచి పొద చూశాడట. పైన ఒకే ఎత్తున గొరిగేసిన ఆ కోత తనది కాదని తెలిసిపోయిందట. మరి ఎందుకు చెప్పలేదన్నాను.

"అమ్మగారు మీ మాట నమ్ముతారాండి, నా మాట నమ్ముతారాండి?" అన్నాడు.

ఇంటికొచ్చి సరోజతో చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు, చెప్పులేసుకుంది. మిగతా అయిదు గేట్ల ముందూ నన్ను నిలబెట్టి, నా నోటితోనే చెప్పించింది. ఈ వయసులో తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మూడిళ్ళవాళ్ళు అప్పటికే వేరే మనిషిని కుదుర్చుకున్నారు. రెండిళ్ళవాళ్ళు మోషేకి కబురు పెట్టారు.

ఈ జనవరిలో వచ్చాడు. ఆ రెండిళ్ళూ ముగించుకుని మా ఇల్లు దాటిపోతుంటే ఎదురెళ్ళి, లోపలికి రమ్మని బతిమాలాను. సరోజ కూడా వెనకాలే వచ్చి నిలబడింది.

"మీ ఇంటికి మాత్రం రానండి" అన్నాడు మెల్లగా. "రేపు చెట్టుకి ఏదన్నా అయితే మళ్ళీ నా పేరే చెప్తారు."

చెప్పనని ఒట్టు వేయబోయాను. సరోజ నన్నే చూస్తోంది. ఎత్తిన చెయ్యి దించేసుకున్నాను.