కండువా కింద చెయ్యి

మొన్న మా మనవడి మెడ మీద తామర లేస్తే, ఆదోనిలో మందుల అంగడివాడు చెవి దగ్గర ఫోను దించకుండానే చిన్న గొట్టం ఒకటి నా చేతిలో పెట్టి, పూస్తూ ఉంటే పోతుందన్నాడు. ఇంత తేలికైన జబ్బా అది అనుకుంటూ అంగడి మెట్లు దిగాను.

తాతల నాడు ఆదోని పత్తి బజారులో మా మండీకి పేరుండేది. పంతొమ్మిది వందల యాభైలలో నేను నాయన వెంట తిరగడం మొదలుపెట్టేసరికి మండీ పోయి, రైతుల పత్తి అమ్మిపెట్టే దలాలీ ఒక్కటే మా ఇంటికి ఆధారమైంది. అయినా ఇస్త్రీ పంచె, జరీ కండువా లేనిదే నాయన గడప దాటేవాడు కాదు. పక్కవాడికి ధర తెలియకుండా అమ్మేవాడూ కొనేవాడూ కండువా కింద చేతులు కలిపి, వేళ్లు నొక్కి బేరం తేల్చుకునే కాలమది. ధర పైకి పలికితే బేరం చెడినట్టే.

నాయన కుడిచేతికి తామర పట్టింది. అరచెయ్యి పొలుసులు లేచింది, గోళ్లు పచ్చబడి మొద్దుబారాయి. సీమ అవిసె ఆకు నూరి కట్టాం, గంధకం పూశాం. ఆసుపత్రివాళ్లిచ్చిన ఊదారంగు మందుకు పంచెలు మరకలయ్యాయే గానీ జబ్బు కదల్లేదు. ఒకప్పుడు మా దగ్గర గుమాస్తాగా ఉండి సొంత మండీ పెట్టుకున్నాయన, ఒకనాడు నాయన కండువా చాపగానే చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

“గుడ్డెందుకులే సావుకారూ, నోటితోనే సెప్పప్పా. మనలో మనకు దాపరికమేముండాది?”

“సెయ్యి కలిపితే రోగం గూడా బేరంలో వస్తాదేమో!” అని వెనక నుంచి ఎవరో నవ్వారు.

నాయన కండువా మడిచి భుజాన వేసుకుని ఇంటికొచ్చేశాడు, చాన్నాళ్లు బజారు తొక్కలేదు.

ఆ దశకం చివర్లో ఎమ్మిగనూరు డాక్టరొకాయన, తామరకు మింగే మాత్ర కొత్తగా వచ్చిందని మద్రాసు నుంచి తెప్పించాడు. నెలల తరబడి మింగితే అరచెయ్యి నున్నబడి, మొద్దుగోరును తోసుకుంటూ లేతగోరు వచ్చింది. నాయన దాన్ని ఎండకు పట్టి మరీ చూసుకునేవాడు.

అప్పుడు మళ్లీ బజారుకు వెళ్లాం. ఆ గుమాస్తాయే ఎదురొచ్చి తన కండువా చాపాడు. “రాప్పా సావుకారూ, ఎన్నాళ్లాయె నిన్ను సూసి!” నాయన చెయ్యి కాస్త లేచింది. అంతలోనే దాన్ని దించుకుని, బజారంతా వినేట్టు ధర నోటితో చెప్పాడు. పదిమంది విన్న ధరకు ఎవరు కొంటారు? ఆ బేరంతో పాటు మా దలాలీ కూడా అక్కడితో ముగిసింది.

నాయన చేసింది తప్పని నేను ఇప్పటికీ అనను. ఈనాడు బజారులో ధరలు కరెంటు పలకల మీద వెలుగుతున్నాయి, తామరకు భయపడేవాడూ లేడు, చెయ్యి కలపవలసిన అవసరమూ లేదు. అయితే బతికినన్నాళ్లూ నాయన అరుగు మీద కూర్చుని, బాగుపడిన ఆ కుడిచేతిని కండువా కిందే ఉంచుకునేవాడు. దగ్గరికి వెళ్లి చూస్తే, గుడ్డ కింద వేళ్లు మెల్లగా కదులుతూ ఉండేవి.