అరువిచ్చిన ఆటగాడు

రాజమౌళి సేటును ప్రశ్న అడిగినవాడికి జవాబు దొరికిన దాఖలా చేవెళ్లలో లేదు. అడిగినదానికి ఆయన ఇంకో ప్రశ్న వేస్తాడు. మీరు తడబడేలోగా మూడోది వేస్తాడు. చివరికి ఏం అడగడానికి వచ్చారో మీకే గుర్తుండదు.

ఆయనది కిరాణా దుకాణం. "సేటూ, ఉప్పున్నదా?" అంటే, "ఇంట్ల ఉప్పు ఒడిసిందా, పప్పు మిగిలిందా?" అంటాడు. ఉప్పుకని వెళ్లి చింతపండుతో ఇల్లు చేరినవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఆయన భార్య సావిత్రమ్మ అడగడమే మానేసింది. "అన్నం పెట్టాల్నా అని ఒక్కనాడు అడిగిన. ఆకలైతే పెడ్తవా, పెడ్తే ఆకలైతదా అన్నడు. ఆ ఫికర్‌ల నాకే ఆకలి సచ్చింది" అని చెప్పుకునేది.

అలాంటి మనిషిని మా ఫుట్‌బాల్ క్లబ్బుకు ప్రెసిడెంటు చేసుకున్నాం. బంతి కొనిచ్చింది ఆయనే, వేరే దారి లేదు. నేను గోలు కాసేవాణ్ణి. అంటే, బంతి కోసం చేలల్లో పరుగెత్తేవాణ్ణి.

అవి యుద్ధం రోజులు. పెట్రోలు దొరక్క బస్సులు తగ్గి, జట్కాలకు గిరాకీ పెరిగింది. అప్పుడే మొయినాబాద్ క్లబ్బుతో వాళ్ల ఊళ్లో మ్యాచి పడింది. వాళ్లకు ఒక మనిషి తక్కువైతే మా భిక్షపతిని అరువిచ్చాం. పక్కూరు ముడిమ్యాలలో రైతు. కాలిలో బలం ఉంది, గురి లేదు. వాళ్ల తరఫున ఆడుతూ అతను మా గోలు వైపు తన్నిన బంతి గోలును దాటి, నన్ను దాటి, పక్కనే తన జట్కాలో కూర్చుని ఆట చూస్తున్న బండివాడు ఈశ్వరయ్య గుర్రానికి తగిలింది. గుర్రం బెదిరింది. ఈశ్వరయ్య కిందపడ్డాడు, కుడిచెయ్యి విరిగింది.

ఆట ఆగింది, పంచాయితీ మొదలైంది.

"కొట్టింది మీ మనిషి. నష్టం కట్టే జిమ్మా మీ క్లబ్బుదే" అన్నాడు మొయినాబాద్ ప్రెసిడెంటు కాశీనాథ్.

"మీ దిక్కు ఆడుకుంట కొట్టిండు. జిమ్మా మీదే" అన్నాం మేము.

"రెండు క్లబ్బులు కాదంటే వానిదే జిమ్మా! చెయ్యి కూడేదాక నా ఇల్లెట్ల గడవాలె? వాని ఎద్దును తోలుకపోత" అన్నాడు ఈశ్వరయ్య మూలుగుతూ.

భిక్షపతికున్నది ఒక్కటే ఎద్దు. పొరుగువాడి ఎద్దుతో కలిపి దున్నుకుంటాడు. అది పోతే ఆ ఏడు సాగు లేదు. అప్పుడు మా సేటు గొంతు సవరించుకున్నాడు.

"మేం అరువిచ్చింది మనిషినా, కాలునా?"

"మనిషినే" అన్నాడు కాశీనాథ్.

"మరి కాలును ఎవరినడిగి వాడుకున్నరు?"

"కాలు లేకుండ మనిషెట్ల వస్తడు సేటూ?"

"సరే, బంతిని కొట్టింది మనిషి. గుర్రాన్ని కొట్టింది బంతి. ఈశ్వరయ్యను పడగొట్టింది ఎవరు?"

"గుర్రం."

"గుర్రం ఎవరిది?"

"నాదే" అన్నాడు ఈశ్వరయ్య, అనేశాక గతుక్కుమన్నాడు.

సేటు ప్రశ్నల తికమకలో, పొద్దుగూకేసరికి కాశీనాథ్ మా క్లబ్బు తరఫున, నేను మొయినాబాద్ తరఫున వాదించుకుంటున్నాం. తీర్పు సంగతి మరిచి అందరూ ఇళ్లు పట్టారు. ఎద్దు దక్కినందుకు సంతోషమే. కానీ చెయ్యి విరిగినవాడికి ఏమీ దక్కలేదని సేటు మీద నాకు ఒళ్లు మండింది. ఆ దుకాణం గడప తొక్కడం మానేశాను.

కొన్నాళ్లకు మొయినాబాద్‌లో పని చూసుకుని, చేవెళ్ల వచ్చే జట్కా ఒకటి ఆపాను. లగాము పట్టుకుని కూర్చున్నది రాజమౌళి సేటు! వెనక, చేతికి కట్టుతో ఈశ్వరయ్య.

"జర మెల్లగ గుంజు సేటూ. దానికి తొవ్వ ఎరుకే" అంటున్నాడు ఈశ్వరయ్య. నేను నోరు తెరుచుకుని చూస్తుంటే ఈశ్వరయ్యే చెప్పాడు. "పంచాయితీ అయిన తెల్లారే మా ఇంటికొచ్చిండు. చెయ్యి కూడేదాక నేను తోల్త, కిరాయి నువ్వు తీస్కో అన్నడు. దుకాణం సావిత్రమ్మ సూస్తున్నదట."

"ఆ మాట పంచాయితీల్నే అనొచ్చు గద సేటూ?" అన్నాను నేను.

"జిమ్మా భిక్షపతిదంటే ఎద్దు ఉంటుండెనా? మొయినాబాద్ క్లబ్బుదంటే కాశీనాథ్ మళ్ల మ్యాచికి పిలుస్తుండెనా?" అన్నాడు సేటు.

నా కోపం ఎటు పోయిందో తెలియలేదు. జట్కా ఎక్కి ఆయన పక్కన కూర్చోవడం గొప్పగా అనిపించింది.

ముడిమ్యాల దగ్గర భిక్షపతి ఎద్దును తోలుకుంటూ ఎదురయ్యాడు. "సేటూ, ఐతారం ఆట ఉన్నదంట. నేను రావొచ్చునా?" అని బెరుకుగా అడిగాడు.

సేటు గుర్రాన్ని ఆపబోయాడు. అది ఆగలేదు. వెనక్కి తిరిగి అరిచాడు.

"రా! ఏ దిక్కన్న ఆడు, గట్టిగ తన్ను. జిమ్మా నాది!"

ఈశ్వరయ్య ఉలిక్కిపడి, బాగున్న రెండో చెయ్యిని కూడా కండువా కింద దాచుకున్నాడు.