కల్నల్ గారి మిగతా సగం ప్రసంగం

కల్నల్ గారు పోయారన్న కబురు నాకు మైకు సెట్టాయన తెచ్చాడు. గోదావరికి ఎర్రనీరు వచ్చిన వారం అది. పొద్దున్నే కాఫీ గ్లాసుతో వీధరుగు మీద కూర్చున్నాను. ఆటో ఆపి దిగి, భుజం మీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకుని, "మాస్టారూ, కల్నల్ గారు నిద్దర్లోనే వెళ్ళిపోయారండి. ఊళ్ళో చాటాలి, రెండు ముక్కలు రాసివ్వండి" అన్నాడు. మా ఊళ్ళో ఎవరు పోయినా ఆటోకి బూరా కట్టి చాటుతారు. ఆ రెండు ముక్కలు రాసే పని ఎప్పటినుంచో నాదే. కాగితం తీసి 'యుద్ధవీరులు' అని రాసి కొట్టేశాను. 'శాంతమూర్తి' అని రాసి, అదీ కొట్టేశాను. చివరికి 'మన వీధి చివరి మేడలో ఉండే కల్నల్ గారు ఇక లేరు' అని మాత్రం రాసిచ్చాను. ఆయన గురించి నేను అంత పొట్టిగా రాయడం అదే మొదలు.

నేను మా ఊరి హైస్కూల్లో తెలుగు మాస్టారుగా చేశాను. సన్మాన పత్రాలూ, శుభలేఖలూ, ప్రెసిడెంటు గారి ఉపన్యాసాలూ అన్నీ నా చేతి రాతే. నాకు సమాసాల పిచ్చి. చిన్న మాట చాలిన చోట నాలుగు పెద్ద మాటలు వేసి, చప్పట్ల కోసం చూసే రకం. కల్నల్ గారు సరిగ్గా దీనికి తిరగేసిన మనిషి.

మిలిటరీ నుంచి రిటైరై వచ్చి, భీమవరం పక్కన అందరూ చేసినట్టే ఆయనా పొలం తవ్వించి రొయ్యల చెరువులు వేశారు. తెల్లారేసరికి ఇస్త్రీ చొక్కా, పాలిష్ చేసిన బూట్లతో చెరువు గట్టు మీద ఉండేవారు. మా గోదావరి మర్యాద ఆయనలో ఎంత ముదిరిందంటే రొయ్యల్ని కూడా 'వాళ్ళు' అనేవారు. "ఇవాళ వాళ్ళు మేత సరిగా తీసుకోలేదండి, ఒంట్లో బాగున్నట్టు లేదు" అని దిగులు పడేవారు. పాకిస్తాన్ సైనికులకూ అదే మర్యాద. "అవతలి వాళ్ళు కూడా చాలా బాగా పోరాడారండి" అని, వియ్యాలవారి వంట మెచ్చుకున్నట్టు చెప్పేవారు.

కార్గిల్ యుద్ధం అయిన మరుసటి ఏడు ఆగస్టు పదిహేనుకి ఆయన్ని మా స్కూలుకి ముఖ్య అతిథిగా పిలిచాం. సభ నడిపేది నేనే. ఆయన కోసం నాలుగు పేజీల ప్రసంగం రాసిచ్చాను. అందులో యుద్ధభూమి రోదించింది, తుపాకులు కన్నీరు కార్చాయి, ఆయన హృదయం కూడా ఒకటి రెండు చోట్ల బద్దలైంది. శాలువా కప్పాక కల్నల్ గారు మొదటి పేజీ బుద్ధిగా చదివారు. తర్వాత కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నారు.

"మాస్టారు చాలా బాగా రాశారండి. చదువుతుంటే నాకే ఏడుపొస్తోంది. కానీ ఇందులో ఉన్నాయన ఎవరో నాకు తెలీదండి. నిజం చెప్పాలంటే నాకు యుద్ధం బాగుండేదండి. కాల్పులు మొదలయ్యాయంటే ప్రాణం లేచొచ్చేది. నా పెళ్ళిలో కూడా అంత సరదా అనిపించలేదండి."

పిల్లలు ఈలలు వేశారు. హెడ్మాస్టరు గారు బల్ల కింద నా కాలు తొక్కారు. మా ఊరి సభల్లో ఒక ఏర్పాటుంది. వక్త దారి తప్పినా, ఎంతకీ దిగకపోయినా, సభ నడిపేవాడు జేబురుమాలుతో నుదురు తుడుచుకుంటాడు. అది చూసి మైకు సెట్టాయన వక్త గొంతు తగ్గించి దేశభక్తి పాట వేస్తాడు. వక్తకి అవమానం ఉండదు, కరెంటు పోయి వచ్చిందనుకుంటాడు. నేను నుదురు తుడుచుకున్నాను. పాట కింద కల్నల్ గారి పెదాలు ఇంకా చాలాసేపు కదులుతూనే ఉన్నాయి. ఆయన ఏం చెబుతున్నారో ఎవరికీ వినబడలేదు.

మర్నాడు చెరువు గట్టు మీద ఆయన్నే అడిగాను. "అనిపిస్తే అనిపించింది గానీ, అంత పెద్ద ఆఫీసరు పైకి అనొచ్చా అండి? పిల్లలు వింటారు కదా?"

"పిల్లలు వింటారనే చెప్పానండి" అన్నారు. "యానాం వెళ్ళొచ్చిన వాడెవడైనా మందు తాగితే హుషారుగా ఉండదని చెప్తాడా? మనం చెప్పాం అనుకోండి. విన్న కుర్రాడు మొదటి గుక్కతోనే మనల్ని అబద్ధాలకోరులనుకుంటాడు. ఆ తర్వాత మనం చెప్పే మంచి కూడా వినడు. యుద్ధం సరదాగా ఉంటదండి. అందుకే దాన్ని తాళం వేసి పెట్టాలి. చేదుగా ఉండే దానికి తాళం ఎందుకండి?"

కానీ అప్పుడు ఆయన బాధ అది కాదు. "అదంతా ఉండనివ్వండి మాస్టారూ. మా ఇంట్లో నాతో మాట్లాడ్డం లేదు" అన్నారు.

స్కూలు బూరాల్లో ఒకటి వాళ్ళ వంటింటి వైపే కట్టి ఉంది. కల్నల్ గారి భార్యని నేను అక్కయ్యగారు అంటాను. ఆవిడ కూరలు తరుగుతూ మొత్తం విన్నారు. విన్నది ఎంతవరకంటే, పెళ్ళి ముక్క వరకు. డెబ్బై ఒకటి యుద్ధంలో ఆయన్నుంచి ఉత్తరం రాని రోజుల్లో ఆవిడ పట్టిసీమ వెళ్ళి వీరభద్రస్వామికి మొక్కుకున్నారట, ఆయన క్షేమంగా ఉండాలని పులస చేప తినడం వదిలేస్తానని. ఆయన తిరిగొచ్చారు, రిటైరయ్యారు, రొయ్యలు పెంచారు. ఆవిడ మాత్రం ఎందుకైనా మంచిదని పులస మళ్ళీ ముట్టలేదు.

సర్ది చెప్పడానికి వెళ్ళిన నాకు చీవాట్లు పడ్డాయి. "ఆయన అక్కడ అల్లాడిపోతున్నారని నేనిక్కడ ఇరవై తొమ్మిదేళ్ళు నోరు కట్టుకున్నానండి. ఆయనేమో మా పెళ్ళి కన్నా యుద్ధమే సరదాగా ఉందంటున్నారు. అదీ మైకులో!"

ఆ సాయంత్రమే రాజమండ్రికి మనిషిని పంపి పులస తెప్పించారు. మట్టిదాకలో పులుసు పెట్టారు. ఆ కూర మర్నాటికి ఇంకా రుచి. మూడు రోజులు ఆయన ఎదురుగా కూర్చుని ఆవిడ ఒక్కరే తిన్నారు. ఆయన కంచంలో ముద్దపప్పు. "చాలా సరదాగా ఉందండి" అనేవారట ఆవిడ మధ్యమధ్యలో.

నాలుగో రోజు కల్నల్ గారు మా ఇంటికొచ్చారు. "మాస్టారూ, నా మైకు ఆపింది మీరు. మిగతా సగం వినిపించే పూచీ మీదే" అన్నారు. ఆవిడ వంటింట్లోంచి బయటికి రారు, ఆయన చెబితే వినరు. బూరాలో విన్నారు కాబట్టి బూరాలోనే వినాలని ఆయన పట్టు. మైకు సెట్టాయన వచ్చి వాళ్ళ వసారాలో మైకు పెట్టి, బూరా వంటింటి కిటికీకి ఎదురుగా కట్టాడు. ఊరంతా వినబడుతుందని హెచ్చరించాను. "మొదటి సగం ఊరంతా విందిగా" అన్నారు.

చొక్కా సర్దుకుని నిలబడ్డారు. "మొన్న పాట కింద పడిపోయిన ముక్క ఇదండి. నాకు యుద్ధం బాగుండేదన్నాను. అది నిజం, వెనక్కి తీసుకోను. కానీ ఆ సరదా సాయంత్రానికల్లా అయిపోయేది. మర్నాడు కూర్చుని ఉత్తరాలు రాయాలండి. డెబ్బై ఒకటిలో తొమ్మిది మంది తల్లులకి రాశాను. మీవాడు నొప్పి తెలీకుండా, నిద్రలో పోయినట్టు పోయాడమ్మా అని. తొమ్మిదీ అబద్ధాలే. వాళ్ళని ముందుకి నడవమన్నది నేనే, నాకు సరదాగా ఉన్న ఆ గంటలోనే. అందుకని ఈ రెండూ కలిపే చెప్పాలండి. పదో ఉత్తరం ఇంటికి రాశాను. ఇక్కడ ఏమీ బాగాలేదు, నువ్వే గుర్తొస్తున్నావు అని. మొదటి ముక్క అబద్ధం. రెండోది కాదు." మైకు చేతిలోకి తీసుకుని, "పెళ్ళి సంగతి నోరు జారానండి. ఆ రోజు కాలరు బిగుతుగా ఉంది" అన్నారు.

నాలుగు రోజుల ముందు నేను ఆపేసింది ఈ మాటల్ని. సిగ్గేసింది.

వంటింట్లో గరిటె చప్పుడైంది. "ఊరందరికీ చెప్పడం అయితే లోపలికి రండి. కూర చల్లారిపోతోంది" అన్నారు అక్కయ్యగారు.

ఆయన గబగబా వెళ్ళారు. వెళ్ళేటప్పుడు చేతిలో మైకు ఉన్న సంగతి మరిచిపోయారు. తీగ పొడుగ్గానే ఉంది. పీట వాల్చడం, కంచం పెట్టడం ఊరంతా వినబడింది. తర్వాత ఆవిడ గొంతు: "ముల్లుంది, చూసుకోండి." ఆయన గొంతు: "ఆయ్." మైకు సెట్టాయన నా వైపు చూశాడు. అలవాటు కొద్దీ జేబురుమాలు తీశాను. మళ్ళీ జేబులో పెట్టేసుకున్నాను. పులసకి ముళ్ళెక్కువ. "ముల్లండీ" అని ఆవిడ, "ఆయ్" అని ఆయన, పదిహేను నిమిషాలు మా ఊరు మొత్తం అరుగుల మీద కూర్చుని విన్నది.

మొన్న పెద్దకర్మ రోజు సంతాప సభలో నన్ను మాట్లాడమన్నారు. కాగితం రాసుకోకుండా వెళ్ళాను. రెండు సగాలూ కలిపి చెప్పాను. ఎవరూ పాట వేయలేదు.

సభ అయ్యాక అక్కయ్యగారి దగ్గర సెలవు తీసుకుందామని లోపలికి వెళ్ళాను. "తొమ్మిది మందికీ ఆయన రాసిన అబద్ధం, ఆయన విషయంలో నిజమైంది మాస్టారూ. నిద్దర్లోనే పోయారు" అన్నారు. ఆయన ఫోటో ముందు విస్తరి వేసి ఉంది. అన్నం, పక్కన పులస ముక్క. ఆవిడ పీట మీద కూర్చుని ఒక్కొక్క ముల్లూ తీసి విస్తరి అంచున పెడుతున్నారు. అన్నీ తీశాక, వేలితో ఇంకోసారి తడిమి చూసి, "ఇక తినండి" అన్నారు.