టమాట లోడుకు కట్టిన కమాన్లు: చేవెళ్ల రోడ్డు మీద ఒక శనివారం

మొన్నామధ్య ఒక ఆదివారం అజీజ్‌నగర్ దగ్గర మా కారు వెనుక భాగం నా మాట వినడం మానేసింది. లారీ వెనుక చాలాసేపు ఆగి, దారి దొరకగానే యాక్సిలరేటర్ గట్టిగా తొక్కాను. వెనుక చక్రాలు ధడధడమని ఎగిరిపడ్డాయి, కారు పక్కకు జారింది, స్టీరింగ్ ఎటు తిప్పానో నాకే గుర్తులేదు. ఆగేసరికి రోడ్డు పక్క చెట్టుకు మూరెడు దూరంలో ఉన్నాం. వెనుక సీట్లో మా నాలుగేళ్ల పాప నిద్రలోంచి లేచి "అమ్మా, ఇల్లొచ్చిందా?" అని అడిగింది. మా ఆయన రవీందర్ నన్ను పక్క సీట్లోకి జరిపి, మిగతా దారంతా తనే నడిపాడు. ఇంటికి వచ్చి తాళం నా చేతిలో పెట్టి, "ఈ బండిని పోటీకన్న ఉంచు, ఇంటికన్న ఉంచు. రెండిటికీ అంటే మాత్రం పాపను నేను ఎక్కియ్య," అన్నాడు. మాకున్నది ఆ ఒక్క కారే.

కొత్తగా చదివేవాళ్లకు కొంచెం చెప్పాలి. గచ్చిబౌలిలో పొలాలన్నీ అద్దాల మేడలవుతున్న రోజుల్లో నాకు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చింది. మొదటి బోనస్‌తో అందరూ కొత్త కార్లకు వాయిదాలు కడుతుంటే, నేను వెనుక చక్రాలతో నడిచే పాత కారు కొని దానికి పెద్ద ఇంజన్ పెట్టించాను. వాడకం లేని ఒక రన్‌వే మీద అప్పుడప్పుడు జరిగే పావు మైలు పోటీల్లో దాన్ని పరుగెత్తిస్తాను. ఇంజన్ పెరిగింది కానీ వెనుక కమాన్లు, అంటే ఇరుసును మోసే ఆ ఉక్కు పట్టీల కట్టలు, పాతవే. ఇంజన్ ఒక్కసారిగా బలం చూపితే ఇరుసు మెలితిరుగుతుంది, పట్టీలు వంకర్లు పోతాయి, మళ్లీ చాచుకుంటాయి, చక్రం రోడ్డు మీద గంతులేస్తుంది. ఆదివారం జరిగింది అదే.

దీనికి నాకు మూడు దారులు కనిపించాయి. కమాన్లు తీసేసి నాలుగు రాడ్లు, చుట్ట స్ప్రింగులు పెట్టించడం మొదటిది. ఇంటర్నెట్లో అందరూ దాన్నే మెచ్చుకుంటారు కానీ కారు అడుగు కోసి వెల్డింగ్ చేయాలి. ఆ వెల్డింగు ఊడితే ఏమవుతుందో ఊహించుకుని రెండు రాత్రులు నిద్రపోలేదు. నిచ్చెన ఆకారంలో ఉండే బిగుతైన రాడ్లు రెండోది. నేరుగా పరుగెత్తడానికి బాగుంటాయి, మలుపుల్లో మాత్రం బిగుసుకుపోతాయి, పాపతో వెళ్లే రోడ్డుకు పనికిరావు. ఇక మూడోది, కమాన్లనే ఉంచి సరిచేయించి, వాటి కింద ఇరుసును మెలితిరగనివ్వని రెండు రాడ్లు బిగించడం. రాడ్లు సిటీలోనే చేయించాను. కమాన్ల పనికి చేవెళ్ల వెళ్లమని ఆఫీసు క్యాబ్ డ్రైవర్ చెప్పాడు.

ఆ వారమే, శనివారం పొద్దున ఏడింటికి మెహిదీపట్నం నుంచి ఒక్కదాన్నే బయలుదేరాను. అప్పా జంక్షన్ దాటాక రోడ్డు ఇరుకవుతుంది. ఇరువైపులా లావు మొదళ్ల చెట్లు, కొన్నిచోట్ల తారుకీ చెట్టుకీ మధ్య సైకిల్ పట్టేంత జాగా కూడా ఉండదు. ఇన్నేళ్లూ వాటి నీడ ఎంత బాగుందో అనుకుంటూ వెళ్లేదాన్ని. ఆ రోజు ప్రతి చెట్టూ నా కోసమే నిలబడి ఉన్నట్టు అనిపించింది. నలభై దాటకుండా నడిపాను. ఆ దారిలోనే ఉన్న హిమాయత్‌నగర్ ఊరి దగ్గర కూలీలతో నిండిన షేర్ ఆటో నన్ను దాటేసి వెళ్లింది. డ్రైవర్ తల బయటపెట్టి, "మేడం, బండి కరాబైందా? తాడు కట్టి గుంజాల్నా?" అని అరిచాడు. ఆటోలో అందరూ నవ్వారు. నవ్వడానికి ప్రయత్నించాను, నా వల్ల కాలేదు.

మొయినాబాద్‌లో పూరీలు తిన్నాను. రోడ్డు పక్క చిన్న హోటల్, ప్లేటు ఇరవై రూపాయలు, ఆలుగడ్డ కూర మాత్రం అద్భుతం. చెయ్యి వణికి టీ కొంచెం సాసర్లో ఒలికింది. పూరీలు కాలుస్తున్న అవ్వ చూసి, "ఏం బిడ్డా, పాణం బాగలేదా? దవాఖానకు పోతున్నవా?" అంది. "లేదవ్వా, బండిని చూపియ్యనీకి పోతున్న," అన్నాను. "బండికైతె నువ్వెందుకు వణుకుతున్నవ్?" అని ఇంకో పూరీ వేసింది.

చేవెళ్లలో కమాన్ల పని చేసే జంగయ్యన్న షెడ్డు మార్కెట్‌కు దగ్గరలోనే ఉంది. అక్కడ నిలబడ్డవన్నీ కూరగాయల బండ్లే. నా కారును చుట్టూ తిరిగి చూసి, "ఏం పరేశాన్ అక్కా?" అన్నాడు.

"వెనక కమాన్లు తట్టుకుంటలేవన్న. మస్తు లోడ్ పడ్తున్నది," అన్నాను.

"కార్ల గూడ లోడా?" అని ఆశ్చర్యపోయి, "ఎప్పుడు పోతవ్, పొద్దుగాలనా?" అని అడిగాడు.

పోటీలు ఎప్పుడూ ఎండ రాకముందే జరుగుతాయి. "అవునన్న, పొద్దుగాలనే. ఒక్కటే ఉరుకుడు," అన్నాను.

"సమజైంది. ఫికర్ చెయ్యకు. నువ్వు తినిరా, ఎంత లోడైనా ఆగేటట్టు చేస్త," అన్నాడు. ఆ మాటతో వారం రోజుల తర్వాత మొదటిసారి ఊపిరి కాస్త తేలికైంది.

భోజనం చేసి వచ్చేసరికి పని అయిపోయింది. నేను తెచ్చిన రాడ్లూ బిగించాడు. కారు వెనుక భాగం మాత్రం జానెడు పైకి లేచింది. అంత ఎత్తు ఎందుకో అర్థం కాలేదు, అయినా ఎన్నో బండ్లు చూసిన మనిషి కదా అనుకున్నాను. పరీక్షించడానికి ఇద్దరం ఆలూరు వైపు వెళ్లాం. ఖాళీ రోడ్డు చూసి తొక్కాను. మొదట్లో బాగానే లాగింది. తర్వాత రోడ్డు మీద చిన్న అతుకు వచ్చింది. వెనుక చక్రాలు రెండూ నేల వదిలేశాయి. బ్రేకు తొక్కాను, అది ఇంకా తప్పు. కారు అడ్డం తిరిగింది, అద్దం నిండా ఎదురుగా వస్తున్న ట్రాక్టర్. అరిచానని తర్వాత జంగయ్యన్న చెప్పాడు. మట్టిలోకి దిగి, చేను గట్టును తాకి ఆగాం. నా కళ్లకు వెనుక సీటు తప్ప ఏమీ కనిపించలేదు. అది ఖాళీగా ఉందని తెలిసినా మూడుసార్లు తిరిగి చూశాను.

జంగయ్యన్న మొహం తుడుచుకుని నెమ్మదిగా అన్నాడు: "ఖాళీగుంటె గిట్లనే ఎగుర్తదక్కా. లోడ్ వేస్తె కూసుంటది."

"ఏం లోడన్న?"

"టమాటలు. నువ్వేగదా చెప్పినవ్, మస్తు లోడు, పొద్దుగాల మార్కెట్‌కు ఉరుకాలె అని. చెరో పక్క రెండు పట్టీలు ఎక్కువేసిన."

నేను మార్కెట్ అననే లేదు. కానీ ఆ ఊళ్లో పొద్దున్నే లోడుతో ఉరికే బండి ఇంకెక్కడికి పోతుంది? ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ట్రాక్టర్ ఆపి పరుగెత్తుకొచ్చిన రైతు మాకు దెబ్బలు తగిలి మతి పోయిందనుకున్నాడు. అతని ట్రాలీ నిండా టమాట బాక్సులే.

షెడ్డుకు వెళ్లాక జంగయ్యన్న భుజం మీది తువ్వాల అడిగి తీసుకున్నాను. అతని ముంజేతికి చుట్టి, రెండు కొసలూ పట్టుకుని, చేతిని తిప్పమన్నాను. తువ్వాల మెలిపడింది. "బరువు పైనుంచి పడదన్న. ఇరుసు గిట్ల తిరుగుతది," అన్నాను. అతను చేతిని ముందుకూ వెనక్కూ రెండు మూడుసార్లు తిప్పి చూసుకున్నాడు. "గిది లోడ్ ఎట్లయితదక్కా? మెలి. మెలి అని చెప్పరాదూ!" అని విసుక్కున్నాడు. నిజమే, ఇంగ్లిషులో చదివిన ముక్క అప్పచెప్పానే కానీ తెలుగులో ఒక్క మాట దొరకలేదు నాకు.

ఎక్కువ వేసిన పట్టీలు తీసేశాం. ఇరుసుకు ముందున్న సగం మెలిపడకుండా క్లాంపులతో బిగించి, వెనుక సగాన్ని గుంతలకు ఆడేలా వదిలేశాం. అంతా కలిపి మూడు వేల లోపే అయింది. మళ్లీ అదే రోడ్డు మీద పరీక్షించాం. గంతులు పోయాయి. భయం మాత్రం పోలేదు. సాయంత్రం బయలుదేరే ముందు ఒక టమాట బాక్సు కొని, పాప సీట్లో పెట్టి, పాప బెల్టే దానికి కట్టాను. జంగయ్యన్న ఎందుకని అడగలేదు, బెల్టు మాత్రం గుంజి చూశాడు.

అజీజ్‌నగర్ దగ్గర, అదే చోట కారు ఆపి, అదే విధంగా తొక్కాను. కారు తాడు కట్టి లాగినట్టు నేరుగా వెళ్లింది. తర్వాత మలుపు, తర్వాత గుంత, వెనుక భాగం ఎక్కడా జారలేదు. ఇంటికి చేరి హారన్ కొట్టాను. రవీందర్ వెనుక తలుపు తెరిచి బాక్సు చూశాడు, అర్థం చేసుకున్నాడు. తర్వాత వంగి, సీటు కింద నుంచి ఒక టమాట తీశాడు. కొంచెం చితికింది.

"ఒక్కటే గదా," అన్నాడు, నా మొహం చూసి. ఆదివారం పాపను ఎక్కియ్యనన్న మనిషే ఇప్పుడు నాకు ధైర్యం చెబుతున్నాడు.

"మనకు గూడ ఒక్కతే గదా," అన్నాను.

ఆ టమాట ఎక్కడ పడిందో నాకు తెలియదు. శబ్దం కూడా వినలేదు. కారు ఎంత బాగా నడిచిందో చూసుకుంటూ వెనుక ఏం జరిగిందో గమనించలేదు, నన్ను ఎక్కువగా భయపెట్టింది అదే. ఇప్పుడు ఆ కారులో ఆఫీసుకు వెళ్తున్నాను, పోటీకీ వెళ్తాను. పాప నాన్నతో స్కూటర్ మీద వెళ్తోంది, కారు ఎప్పుడెక్కిస్తావని రోజూ అడుగుతోంది. మీరూ ఈ పని మీద చేవెళ్ల వెళ్తుంటే ఒక్క సలహా: తిరుగు ప్రయాణంలో మీ పిల్లలు కూర్చునే సీట్లో ఒక టమాట బాక్సు కట్టండి, ఇంటికి వచ్చాక సీటు కింద వెతకండి.