పేడనీళ్ల పైపు

ఈ సాయంత్రం పాపకు జలుబుతో ముక్కు మూసుకుపోయింది. పాలు తాగలేక ఏడుస్తుంటే, ఊపిరి ఆగిపోతుందేమోనని భయమేసి ముక్కుకు నోరు పెట్టి పీల్చాను. నాలుక మీద ఉప్పగా, జిగటగా చీమిడి. ఉమ్మేస్తుంటే ఇబ్రహీంపట్నంలో మా బావి దగ్గరి ఆయిల్ ఇంజిన్ గుర్తొచ్చింది.

అప్పుడు నాకు ఏడేళ్లు. వరి ఎండిపోతోంది. పంపులో తిరిగే ఇంపెల్లర్ రెక్కలు అరిగి నీళ్లెక్కడం లేదని బాపు హయత్‌నగర్ నుంచి కొత్తది తెచ్చాడు. పాతది ఊడదీస్తే దానితోపాటు కుళ్లిన నాచు, సగం కప్ప బయటికొచ్చాయి. కొత్తది బిగించి, నీళ్లు వెనక్కి కారిపోకుండా పంపులో పేడనీళ్లు పోశాడు. ఇంజిన్ నడిచింది గానీ, పంపు నుంచి నీళ్లు తెచ్చి దాన్ని చల్లబరిచే సన్నపైపులో పేడ పీచు ఇరుక్కుని పొగలు కక్కింది. బాపు ఇంజిన్ ఆపి, ఆ పైపుకు నోరు పెట్టి పీల్చాడు. గడ్డం మీదుగా ఆకుపచ్చ నీళ్లు కారాయి.

"బాపూ, పేడ తిన్నవా?"

"అవ్ బిడ్డా, మస్తుగున్నది. నీకు గింత ఉంచాల్నా?"

నిజమేననుకున్నాను. మళ్లీ ఇంజిన్ పెడితే నీళ్లు మడిలోకి దుమికాయి. బాపు సంబరంగా నన్నెత్తుకుని ముద్దు పెట్టబోతే "థూ, నా దగ్గరికి రాకు!" అని పారిపోయాను. చాలా రోజులు ఆయన కలిపిన ముద్ద ముట్టలేదు.

"గింత నకరాలేందే నీకు?" అని అమ్మ తిట్టేది. బాపు మాత్రం నాకు కనబడేలా వాకిట్లో నిలబడి రెండుసార్లు పళ్లు తోముకునేవాడు.

పాప మళ్లీ పాలు తాగింది. నేను మూడుసార్లు పుక్కిలించినా నోట్లో ఆ జిగట పోలేదు. ఆ రోజు బాపుకూ అసహ్యమేసి ఉంటుందని ఇన్నేళ్లలో ఒక్కసారీ అనుకోలేదు.