కనుక్కుందాం బాబాయి

కనుక్కుందాం బాబాయికి ఒకటే జబ్బు. పాతబడిన రాత ఏదైనా సరే, అది ఇంకెవరికీ అక్కర్లేదని తేలేదాకా చెరపడు. "ఎవరికైనా కావాలేమో, కనుక్కుందాం" అంటాడు. అని ఊరుకుంటే బాగుండేది. నిజంగానే కనుక్కుంటాడు.

ఆ ఆఫీసులో కంప్యూటర్లకు ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేస్తారు. కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా దాంతోపాటు రిలీజ్ నోట్స్ వస్తాయి. ఏవి బాగుచేశారో, బాగుపడనివాటితో ఎలా సర్దుకుపోవాలో అందులో రాస్తారు. అందులోంచి కాలం చెల్లిన లైన్లు తీసేయడం బాబాయి ఉద్యోగం. ఏదీ తీసేయడానికి చేతులు రాని మనిషికి ఆ పని అప్పజెప్పిన మహానుభావుడెవరో ఎవరికీ తెలియదు.

ఆ విభాగానికి హెడ్డుగా ఒకావిడ కొత్తగా వచ్చింది. ఆమె వచ్చిన వారంలోనే బాబాయి ఆయాసపడుతూ ఐదో అంతస్తుకు మెట్లెక్కి వచ్చాడు.

"లిఫ్టు ఉందిగా బాబాయిగారూ?"

"లిఫ్టు పనిచేయదని కింద నోటీసుందమ్మా."

"అది పోయిన నెలది!"

"అందుకే తీసేద్దామని అన్ని అంతస్తుల్లోనూ అడిగొస్తున్నా. అది గోడమీదుండగా లిఫ్టెక్కితే ఏం బాగుంటుంది?"

ఆమె కడుపుబ్బ నవ్వింది. ఒకసారి ఆఫీసుకొచ్చిన పిన్ని మాత్రం నవ్వలేదు. "మా ఇంట్లో బట్టలేని గొడుగొకటుందమ్మా. పదకొండేళ్ల కిందట ఏ చుట్టమో మరిచిపోయారు. పారేద్దామంటే ఈయన చుట్టాలందరికీ ఉత్తరాలు రాశారు. ముగ్గురు మాది కాదన్నారు. నలుగురు మాదే, పంపించమన్నారు!"

అంతవరకూ వేడుకగానే ఉంది. ఆ ఏడాది నోట్సులో నలభైమూడు పాత లైన్లు తీసేయాల్సి వచ్చింది. ప్రతి లైను పక్కనా, ఆ ఇబ్బంది గురించి మొదట చెప్పినవాళ్ల ఫోన్ నంబరు ఉంటుంది. గడువు మూడు వారాలు. హెడ్డుగా ఆమెకదే మొదటి విడుదల. ఏమాత్రం ఆలస్యమైనా ఆమె మెడకే చుట్టుకుంటుంది.

ఓ మధ్యాహ్నం బాబాయి గొంతు వినిపించి ఆమె గుమ్మంలోనే ఆగిపోయింది.

"అయ్యో, ఎప్పుడు పోయిందండీ?... మొన్ననా! పాపం, ఆఖర్న కాగితం కూడా తీసుకోలేదా?... ఊరుకోండి, పన్నెండేళ్లు చేసింది, ఇంకెంతని చేస్తుంది?"

ఆమె మెల్లగా దగ్గరికెళ్లింది. "ఎవరండీ పోయారు?"

"ప్రింటరమ్మా." కళ్లద్దాలు తుడుచుకుని, ఒక లైను కొట్టేశాడు. "ఇది ఇక అక్కర్లేదు. తొమ్మిదయ్యాయి."

"మూడు వారాల్లో తొమ్మిదా! ఎల్లుండే విడుదల బాబాయిగారూ!"

"అందరూ ఫోనెత్తరు కదమ్మా. కనుక్కుందాం."

ఆమెకు ఒళ్లు మండిపోయింది. ఆ సాయంత్రమే పెద్దసారుకి కాగితం రాసి పంపింది: పనివేళల్లో కబుర్లు, బాధ్యత లేదు. "బాధ్యత లేదు" అన్న ఆ రెండు మాటలూ గుర్తొస్తే ఆమెకు ఇప్పటికీ తల వాలిపోతుంది. మర్నాడు బాబాయిని నేలమాళిగలో ఉన్న స్టోరుకి మార్చారు. వెళ్తూ వెళ్తూ ఆయన ఒక్కటే అడిగాడు, ఆ లైన్ల జాబితా కాపీ ఉంచుకోవచ్చా అని. ఆమె తలెత్తకుండానే సరేనంది.

మిగిలిన ముప్పైనాలుగు లైన్లనూ ఆమె గంటన్నరలో ఊడ్చిపారేసింది. విడుదల వేళకు జరిగింది. నెల గడిచినా ఒక్క ఫిర్యాదు రాలేదు. పెద్దసారు పిలిచి మెచ్చుకుంటే, ఆమె నాలుగు రోజులు నేలమీద నడవలేదు.

ఐదో రోజు ఫోన్ మోగింది. ఎక్కడో చిన్న కంటాసుపత్రి నుంచి, చీటీలు రాసే ఆవిడ.

"బాబాయిగారు లేరామ్మా? ఆయన చెప్పింది రాసుకున్న కాగితం తడిసిపోయింది. మళ్లీ చెబుతారేమోనని."

"ఏం చెప్పారండీ?"

"మా పాత మిషను బిగుసుకుపోతే ఏ మీటలు నొక్కాలో మీ నోట్సులో ఉండేదిగా, కొత్తదాంట్లో తీసేశారట. ఆయనే ఫోన్ చేసి రాయించారు. నాకు ఒళ్లు మండి మీ మీద ఫిర్యాదు రాయబోయాను. ఆయనే వద్దన్నారు. హెడ్డుగారు కొత్త, పాపం ఊపిరాడని పనిలో తీసేశారు, మనసు మంచిదే, రాయకండమ్మా అన్నారు."

ఏ మీటలో చెబుదామంటే ఆమెకూ తెలియదు. ఆ లైను ఆమె చదవకుండానే తీసేసింది.

ఆమె నేలమాళిగకు దిగివెళ్లింది. అక్కడ బాబాయి కాగితాల కట్టల మధ్య కూర్చుని అన్నం కూడా తినకుండా ఎవరికో మీటల పేర్లు చెబుతున్నాడు. ఆయన ముందు జాబితా ఉంది. ముప్పైనాలుగు నంబర్లలో ఇరవైఏడింటికి టిక్కులు పడ్డాయి. ఆమెను చూసి, దొంగతనం బయటపడ్డట్టు ఫోన్ పెట్టేశాడు.

"భోజనం టైములోనే చేస్తున్నానమ్మా. పనివేళల్లో కాదు."

ఆ మాట ఆమెకు చెంపదెబ్బలా తగిలింది.

"నేను మీ గురించి ఏం రాశానో తెలుసా?"

"తెలుసు. పెద్దసారు చూపించారు."

"మరి నాకోసం ఇదంతా ఎందుకండీ?"

"మీకోసమేముంది? వాళ్ల మిషన్లు ఆగిపోతే వాళ్లు తిట్టుకుంటారు. మిమ్మల్ని తిడితే నాకు బాగుండదు. రెండూ ఒక్క ఫోనుతో తీరిపోతాయి కదా."

"తప్పు చేశాను బాబాయిగారూ" అందామె. పెద్దసారుకి మళ్లీ కాగితం రాస్తానంది, లైన్లన్నీ తిరిగి పెట్టిస్తానంది. కుర్చీ లాక్కుని జాబితా మీద చెయ్యేసింది.

"మిగిలిన ఏడుగురికీ నేనే చేస్తాను. నా తప్పు నేనే చెప్పుకుంటాను."

బాబాయి ఆరు నంబర్లు ఓ చీటీమీద రాసిచ్చాడు. ఏడోది అరచేత్తో మూసేశాడు.

"అదేంటండీ?"

"ఈయనకు మాత్రం నేనే చేస్తానమ్మా" అన్నాడు. "పొద్దున చేస్తే, మాట పూర్తి కాకుండానే పెట్టేశాడు. మీ మీద మహా కోపంగా ఉన్నాడు. ఇంకో రెండ్రోజులు చల్లారనివ్వండి."