నేతింట్లో కంటి పరీక్ష

నాకు మొండిదని పేరు. చిన్నప్పుడు నా కళ్లద్దాలు చూసి సోడాబుడ్డి అని ఏడిపించినవాళ్లను బడి చుట్టూ తరిమి కొట్టినదాన్ని. ఇప్పుడు అవే అద్దాలు పిల్లలకు పెట్టించే ఉద్యోగం చేస్తున్నాను. సిద్దిపేట బడులు తిరిగి, గోడకు అక్షరాల అట్ట తగిలించి, దూరంగా సుద్దముక్కతో గీత గీసి, దాని మీద పిల్లల్ని ఒక్కొక్కరినే నిలబెట్టి చదివించడం నా పని. ఒక కన్ను మూయమంటే వేళ్ల సందుల్లోంచి చూసే దొంగలు ప్రతి బడిలోనూ ఉంటారు. వాళ్లంటే నాకు ముద్దే.

ఆ రోజు ఐదో తరగతిలో ఒక పిల్ల అన్నిటికన్నా పెద్ద అక్షరం దాటి కిందికి దిగలేదు. రెండో కన్నూ అంతే.

"అది మొద్దు మేడం. బోర్డు మీదిది రాయమంటే పక్కదాని పుస్తకంల చూసి రాస్తది. ఈ ఏడు అయిపోంగనే బడి బంద్ చేయిస్తరట" అన్నాడు పంతులు, పిల్ల ముందే. నాకు ఒళ్లు మండింది.

"మొద్దు కాదు సార్. దానికి మీ బోర్డే కనిపిస్తలేదు" అన్నాను. దవాఖానకు తీసుకొచ్చి అద్దాలు ఇప్పించమని చీటీ రాసి పిల్ల చేతికిచ్చాను. వారమైనా ఎవరూ రాలేదు.

నేనే వాళ్లింటికి వెళ్లాను. నేతపని వాళ్ల వాడ. పిల్ల తండ్రి మగ్గం మీద ఉన్నాడు. తాత రాట్నం ముందు కూర్చుని నూలు చుడుతున్నాడు. నా మాట వినగానే తాత నవ్వాడు.

"సూపు లేదా? మా పిల్లకా? గిటు రా బిడ్డా."

మగ్గం మీద తెగిన పోగు ఒకటి చూపించి ముడి వెయ్యమన్నాడు. పిల్ల ముక్కు ఆనేంతగా వంగి రెప్పపాటులో ముడి వేసింది. అద్దాలున్నా ఆ ముడి ఎక్కడుందో నాకు దొరకలేదు.

"సూసినవా? పోగు అతికే కండ్లకు ఢోక లేదు. మా ఇండ్లల్ల గిదే పరీక్ష. మా తాతల కాలం సంది గిదే."

"మరి బోర్డు ఎందుకు కనిపిస్తలేదు తాతా?"

"సదువు అబ్బకుంటే బోర్డేం జేస్తది?" మగ్గం ఆపకుండానే తండ్రి అందుకున్నాడు. "దానికి చేతిల పనుంది, సాలు. ఊకె అద్దాలు పెట్టి నలుగుర్ల నా బిడ్డకు గుడ్డిదని పేరు వెట్టకున్రి."

తల్లిదండ్రులు ఒప్పుకోలేదని కాగితం మీద ఒక్క ముక్క రాసుకుంటే నా బాధ్యత తీరిపోతుంది. ఆ ముక్క నేను ఇంతవరకు ఎవరి పేరు పక్కనా రాయలేదు. రాయను కూడా.

"సరే, నేను గూడ మీ ఇంట్లనే పరీక్ష పెడత. ఒక్కటి, చాలు" అన్నాను. పిల్లను వీధిలోకి పంపాను. తండ్రిని దింపి తాతను మగ్గం ఎక్కించాను. ఇద్దరికీ అదే తెల్ల బనియను, తలకు అదే తీరు తువ్వాల. తండ్రి గొణుక్కుంటూ తలుపు చాటుకు వెళ్లాడు. పిల్లను గుమ్మంలోకి పిలిచాను.

"లోపటికి చూడు బిడ్డా. మగ్గం మీద ఎవలున్నరు?"

పిల్ల కళ్లు చికిలించింది. "బాపు."

"మంచిగ చూసి చెప్పు."

"బాపే మేడం. నేసుడు ఆపిండు, గంతే."

తాత మగ్గం దిగాడు. తలుపు చాటు నుంచి తండ్రి బయటికి వచ్చాడు. "గింత దూరంకెళ్లి తాతెవలో నేనెవలో ఎరుక గాదా బిడ్డా?" అన్నాడు. పిల్ల ఉలిక్కిపడి అటు తిరిగింది. చెయ్యరాని తప్పు చేసినట్టు తల దించుకుంది.

నాకు జాలేసింది. ఆయన మీద కూడా వేసింది. అయినా మెత్తబడలేదు.

"కన్నతండ్రినే పోల్చుకోలేని పిల్ల బోర్డు ఎట్ల చదువుతదన్నా? దగ్గరిది కనిపిస్తది, దూరపుది కనిపించదు. గంతే దాని రోగం. అద్దాలు పెడితే పోతది. రేపు దవాఖానకు తోలుకొస్తవా, నన్ను మళ్ల రమ్మంటవా? నేనైతే రోజు వస్త."

మరునాడు నేను దవాఖానకు చేరేసరికి తండ్రీబిడ్డలు వరండాలో కూర్చుని ఉన్నారు.

పిల్ల ఇప్పుడు ఆరో తరగతి. బోర్డు మీదిది తనే చూసి రాసుకుంటుంది. పక్కదాన్ని తన పుస్తకంలో చూడనివ్వదని పంతులు మళ్లీ ఫిర్యాదు. చూడనివ్వకపోతే పోనీ అన్నాను.

మొన్న అదే వాడలో ఇంకో ఇంటికి వెళ్లాను. నన్ను చూడగానే ఆ ఇంటి ఇల్లాలు, "మా పిల్ల పోగులు అతుకుతది, దానికి అద్దాలెందుకు?" అని తలుపు వేయబోయింది. తలుపుకు కాలు అడ్డం పెట్టి నోరు తెరిచేలోపే వెనక నుంచి ఎవరో మాట్లాడారు. తిరిగి చూస్తే, ఆనాడు తలుపు చాటుకు వెళ్లిన తండ్రి. చెప్పులు విప్పుతున్నాడు.

"పోగు ముచ్చట పక్కకు వెట్టక్కా. నేను మగ్గమెక్కుత. నీ బిడ్డను గుమ్మంల నిలవెట్టి, మగ్గం మీద ఎవలున్నరో అడుగు."